అభయారణ్యమే తపోవనం

(ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



 

మన స్వామివారి ఆలయ జీర్ణోద్ధరణ నిర్విఘ్నంగా పూర్తి అయినది. కళాకర్షణ మొదలుకొని అష్టబంధనం, కుంభాభిషేకం వరకు సమస్త క్రతువులూ శాస్త్రోక్తంగా జరిగినవి. ద్రవ్య రూపంగాను, శ్రమ రూపంగాను సహాయపడినవారి పేర్లు ఈ సంచికలో వేరొక చోట అచ్చయినవి కనుక నేను మరల చెప్పనక్కరలేదు. ఆనాటి సభలో నన్ను ఆలయ మాహాత్మ్యాన్ని గురించి మాట్లాడమన్నారు. నేను ఆలయం వెనుక నున్న అడవిని గురించి మాట్లాడాను. కొందరు ఆశ్చర్యపడ్డారు. ఒకరిద్దరికి మనస్సు నొచ్చినదని కూడా తరువాత తెలిసినది. పావుగంటలో తొందరగా చెప్పిన మాటలు అపార్థానికి తావిస్తవి. అందుచేత అదే విషయాన్ని ఇక్కడ నింపాదిగా విన్నవించుకొంటున్నాను.

జరిగినది ఇది. ఆలయ పనులు పూర్తి కాగా కొంత ధనం మిగిలినది. ఆ సొమ్ముతో కొండమీది గుహకు సిమెంటు మెట్లు కట్టించి, దారి పొడవునా విద్యుద్దీపాలు పెట్టించి, గుహ ముందర రేకుల మండపం వేసి, ఒక మైకు సెట్టు కూడా అమర్చి, దానిని ధ్యాన కేంద్రంగా తీర్చిదిద్దాలని ఒక ప్రతిపాదన వచ్చినది. ప్రతిపాదించినవారు రాజగోపురం ఖర్చులో పెద్ద భాగం భరించిన భక్తులు. వారి భక్తిలో లోపమున్నదని నేను కలలో కూడా అనుకోను. అయినప్పటికీ ఆ పని తగదని, అర్చకుడిగా నాకు సమ్మతం కాదని చెప్పవలసి వచ్చినది. కారణం చెప్పకుండా కాదనడం మర్యాద కాదు గదా.

మన ఆలయం నల్లమల అంచున ఉన్నది. గుహ మాత్రం అడవి లోపల ఉన్నది. ఈ అడవిని 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో పులుల సంరక్షణ పథకంలో చేర్చారు. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యమని దానికి పేరు. ఆనాటి విస్తీర్ణం 3,568 చదరపు కిలోమీటర్లు. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు అడవి కూడా కాగితం మీద రెండైనది. కృష్ణకు ఉత్తరాన తెలంగాణలో ఉన్న భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమైనది. పులికి మాత్రం ఈ పంపకం తెలియదు.

ఈ అడవిలో ఎన్ని క్షేత్రాలున్నవో ఒకసారి తలచుకొనండి. భ్రమరాంబా సమేత మల్లికార్జునుడు దీని నడుమనే కొలువై ఉన్నాడు. అహోబిలంలో నవనారసింహులు కొండకొక చోట, గుహకొక చోట వెలసి ఉన్నారు. పన్నెండవ శతాబ్దంలో కన్నడ దేశం నుండి వచ్చిన అక్కమహాదేవి పేరిట కృష్ణ ఒడ్డున గుహ ఉన్నది. సలేశ్వరంలో జలపాతం ప్రక్కన లింగమయ్య, దట్టమైన అడవిలో ఇష్టకామేశ్వరి. గుండ్ల బ్రహ్మేశ్వరంలోనైతే ఆలయం పేరునే 1990లో ఒక అభయారణ్యానికి పెట్టినారు. పెద్దపులికి, యోగికి ఒకే చిరునామా దొరికిన చోటు ఇంతకన్నా ఏమున్నది! శ్రీశైల ప్రాకార కుడ్యాన్ని నిదానంగా చూచినవారికి తెలుసు, ఆ శిల్పాలలో దేవతలతో పాటు అడవి మృగాలూ ఉన్నవి, వేటగాళ్ళూ ఉన్నారు. గోడమీద ఏనుగులు కూడా బారులు తీరి ఉన్నవి. అడవిలో మాత్రం నేడు ఏనుగు లేదు.

అభయారణ్యమనే మాట ప్రభుత్వ కచేరీలో పుట్టినదని చాలామంది అనుకొంటారు. అది చాలా పాత మాట. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో, సాగుకు పనికిరాని భూమిని ఏమి చేయవలెనన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రకరణానికి భూమిచ్ఛిద్ర విధానమని పేరు. పశువులకు పచ్చిక బీళ్ళు వదలవలెను. తపస్వులకు వనాలు ఇవ్వవలెను. అయితే ఆ వనంలోని చరాచర ప్రాణులన్నిటికీ అభయం ప్రకటించి ఉండవలెను. దాని మేర ఒక గోరుతం, అనగా ఆవు అంబారావం వినిపించేటంత దూరం. అదే అధ్యాయంలో, రాజ్యపు సరిహద్దున మృగాలన్నిటినీ అతిథులుగా భావించే మరొక వనాన్ని కూడా ఏర్పరచమన్నాడు. ఇక వధశాలల అధికారిని గురించి చెప్పినచోట, అభయవనంలో నివసించే మృగాన్ని గాని, పక్షిని గాని, చేపను గాని బంధించినా చంపినా హింసించినా గరిష్ఠ దండన విధించమన్నాడు. కౌటిల్యుడు మెత్తని మనిషి కాడు. ప్రతిదానికి పన్ను, ప్రతిదానికి లెక్క చూచినవాడు. అటువంటివాడు కూడా తపస్వికి స్థలమిచ్చినప్పుడు, ఆ స్థలంలోని ప్రాణులకు అభయాన్ని అదే దానంలో కలిపి వ్రాసినాడు. దుష్యంతుడంతటి రాజు ఎక్కుపెట్టిన బాణాన్ని, ఇది ఆశ్రమ మృగమన్న ఒక్క మాటతో దించుకొన్న కథ మీకందరికీ తెలిసినదే.

నేను చదువుకొన్నది కృష్ణ యజుర్వేదం. మా గురువుగారు సంహితను, బ్రాహ్మణాన్ని పాఠశాల వసారాలో చెప్పేవారు. ఆరణ్యకానికి వచ్చేసరికి మమ్మల్ని తెల్లవారిన తరువాత ఊరి బయట చెరువుగట్టు మీదికి తీసికొనిపోయేవారు. చలికాలంలో అంత దూరం నడవడానికి మేము విసుగుకొనేవాళ్ళం. ఎందుకీ శ్రమ అని ఒకనాడు అడిగితే, రెండవ ప్రశ్నకు వచ్చినప్పుడు నీకే తెలుస్తుందన్నారు. వచ్చినప్పుడు తెలిసినది. స్వాధ్యాయ యజ్ఞం చేయదలచినవాడు ఊరికి తూర్పుగానో, ఉత్తరంగానో, ఈశాన్యంగానో, ఇండ్ల కప్పులు కంటికి కనిపించనంత దూరం వెళ్ళి, సూర్యుడు ఉదయించిన పిదప కూర్చుండవలెనని అక్కడ విధి ఉన్నది. ఆ దూరానికి అచ్ఛదిర్దర్శమని పేరు. క్రోసులతో కొలవలేదు, అడుగులతో కొలవలేదు. ఇంటి కప్పు కనిపించకూడదు, అంతే.

ఇప్పుడు మన గుహ ముందర రేకుల మండపం వేద్దామన్న మాటను దీని ప్రక్కన పెట్టి చూడండి. కప్పు కనిపించనంత దూరం కష్టపడి నడిచి, అక్కడికి వెళ్ళి మనమే ఒక కప్పు వేసికొంటే ఊరిని వదలి వెళ్ళినట్లా, ఊరిని మోసికొని వెళ్ళినట్లా?

కొండ ఎక్కలేని వృద్ధుల మాటేమిటని ఒక పెద్దమనిషి అడిగారు. న్యాయమైన ప్రశ్న. నాకూ మోకాళ్ళు నొప్పులే. దీనికి సమాధానం కూడా ఆ ఆరణ్యకంలోనే, ఆ వెనువెంటనే ఉన్నది. అడవికి పోలేనివాడు ఊరిలోనే ఉండి, పగలైనా రాత్రియైనా, మనస్సులో అధ్యయనం చేసికొనవచ్చునని అనుమతి ఇచ్చారు. ఫలంలో తరుగు లేదు. ఇంత ఖర్చు చేసి కట్టిన విశాలమైన ముఖమండపం ఆలయంలో ఉండనే ఉన్నది. తెల్లవారుజామున అక్కడ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో, రోజూ తలుపులు తీసే నాకు తెలుసు.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. సభలో దీనిని దాటవేశాను.

1994వ సంవత్సరం మహాశివరాత్రికి ఆత్మకూరు వైపు నుండి శ్రీశైలానికి కాలినడకన వెళ్ళినాము. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాస ద్వారం, ఇదీ ఆ దారి. మా బృందానికి నేనే పెద్ద. రాత్రి అడవిలో విడిది చేసి, మూడు రాళ్ళ పొయ్యి మీద వంట చేసి, నివేదన పెట్టి, నమక చమకాలు చెప్పుకొని పడుకొన్నాము. పొయ్యిలో బూడిద మాత్రమే ఉన్నదనుకొన్నాను. నీళ్ళు పోయలేదు. త్రాగేందుకున్న నీటిని బూడిదలో పోయడమెందుకని లోభం కూడా కలిగినదని ఒప్పుకొంటున్నాను. తెల్లవారుజామున గాలి లేచినది. మేము కన్ను తెరిచేసరికి ఎండిన బోదగడ్డి అంటుకొని మంట చెట్ల క్రిందికి పాకుతున్నది. మాకు చేతనైనది కేకలు వేయడం మాత్రమే. దగ్గరి గూడెం నుండి ఒక పెద్ద వయస్సు చెంచు, ఇద్దరు కుర్రవాళ్ళు పరుగున వచ్చి, పచ్చి కొమ్మలు విరిచి గడ్డిని బాది, ముందుగా కొంత మేర ఆకులు ఊడ్చి, గంటన్నర సేపటికి దానిని నిలిపివేశారు. అప్పటికి మూడు నాలుగెకరాలు నల్లబడినది. పొద కుదుట్లో అడవికోడి గూడు ఒకటి కనిపించినది. నాలుగు గ్రుడ్లు, నాలుగూ మాడిపోయినవి.

ఆ పెద్దాయన నన్ను తిట్టలేదు. “సామీ, ఇంట్లో దీపం పెట్టుకొంటే పండుకునే ముందర కొండెక్కిస్తారు గదా. ఈడ పొయ్యి అట్లనే ఎందుకు ఇడిసిపెడితిరి?” అన్నాడు. తప్పయినది పెద్దయ్యా అన్నాను. అంతకంటె ఏమనగలను? తన సొరకాయ బుర్రలో ఉన్న నీళ్ళే మాకు పోసి దారి చూపినాడు. శ్రీశైలం చేరి పాతాళగంగలో మునిగి, తెలిసిన ప్రాయశ్చిత్తం చేసికొన్నాను. ముప్పై సంవత్సరాలు దాటినది. ప్రతిదినం అభిషేకంలో నమకం చెప్పేటప్పుడు, రుద్రుని వృక్షాలకు పతిగా, ఓషధులకు పతిగా, పశువులకు పతిగా, అరణ్యాలకు, పొదలకు కూడా పతిగా స్తుతించే చోటికి వస్తాను. పొదల దగ్గరికి వచ్చేసరికి ఆ గూడు కంటి ముందర నిలుస్తుంది. స్వరం తప్పకుండా చెప్పగలుగుతున్నాను గాని, ఆ మాటను మునుపటివలె అలవోకగా దాటలేకపోతున్నాను.

శివరాత్రి నుండి మృగశిర వరకు ఈ అడవి ఎండుగడ్డి మీద, రాలిన ఆకుల మీద నిలిచి ఉంటుంది. ఆ నిప్పు పెద్ద చెట్లను ఒక్కసారిగా కూల్చదు. అందుకే చాలామంది ఏమీ కాలేదనుకొంటారు. అది నేలమీద ప్రాకుతూ మారేడు, నేరేడు, ఏగి, నల్లమద్ది మొలకలను, నేలమీద గూడు కట్టే పక్షులను, తాబేళ్ళను తినివేస్తుంది. ఏటేటా మొలకలు పోతే పెద్ద చెట్టు చచ్చిననాడు దాని స్థానంలో నిలిచేది ఏదీ ఉండదు. మనం స్వామికి సమర్పించే మారేడు దళం ఎక్కడి నుండి వస్తున్నదో ఆలోచించండి.

నీటి సంగతి మరొకటి. సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి జరుగుతుంది. నేను రెండు పర్యాయాలు వెళ్ళినాను. అక్కడ పూజారులు చెంచులే. వారి చేతి ప్రసాదం తీసికొని, లింగమయ్యను పిలుచుకొంటూ లోయలోకి దిగే జనంతో పాటు దిగినాను. చైత్రమంటే అడవిలో వాగులు ఎండిపోయి అక్కడక్కడ మడుగులు మాత్రమే మిగిలే కాలం. కణుతులు, దుప్పులు, ఎలుగులు ఆ మడుగులకు సాయంకాలం, రాత్రి వేళ వస్తవి. మనం చీకటి పడిన తరువాత కూడా నీటి దగ్గర కూర్చుంటే అవి దాహంతో వెనుదిరుగుతవి. అటవీశాఖవారు ఆ జాతరను కొద్ది రోజులకు పరిమితం చేసినప్పుడు, మన దేవుని దగ్గరికి పోవడానికి వీరి అనుమతి ఏమిటని కోపగించినవారిలో నేనూ ఒకణ్ణి. మడుగు ప్రక్కన తడిమట్టిలో కణితి గిట్టల ముద్రలు, వాటి మీదనే మన చెప్పుల ముద్రలు, వాటి నడుమ నీళ్ళ ప్యాకెట్లు చూచిన తరువాత ఆ కోపం చల్లారినది.

హైదరాబాదు నుండి శ్రీశైలానికి వచ్చే రహదారిని అడవి భాగంలో రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు మూసివేస్తారు. దోర్నాల వైపు కూడా అంతే. తెల్లవారుజాము దర్శనం తప్పినదని మన భక్తులు విసుగుకొంటారు. ఆ తొమ్మిది గంటలు దారి మృగాలది. పగటి పదిహేను గంటలు మనకు ఇచ్చినారు, పంపకంలో మనకేమీ తక్కువ కాలేదు. ఇక దారిలో కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు విసరడమొకటి. హనుమంతుని సేవ అనుకొని చేస్తారు. అవి అడవిలో పండ్లు తిని గింజలు చల్లే పని మానుకొని, రోజంతా రోడ్డు మీదనే కూర్చుండి, బండ్ల క్రింద పడి చస్తున్నవి. ఆ అరటిపండ్లేవో మన ఆలయ గోశాలకు ఇవ్వండి. తిని పారవేసిన అన్నం కూడా అటువంటిదే. దానికి కుక్కలు, పందులు చేరుతవి, వాటి కోసం చిరుత వస్తుంది. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి కాలిబాటలో ఒక చిన్నారిని చిరుత బలిగొన్నది. ఆ బిడ్డ తల్లిదండ్రుల దుఃఖం తలచుకొంటే, మన గుహ దారిలో వెయ్యిమందికి భోజనాలు పెడదామన్న మాట వినడానికే నాకు భయం వేస్తున్నది.

పులులు పెరిగితే మనకేమి లాభమని ఒక యువకుడు అడిగాడు. ఒక పులికి ఏడాదికి సుమారు యాభై దుప్పులంత ఆహారం కావలెను. అన్ని దుప్పులు బ్రతకాలంటే గడ్డి ఉండవలెను, నీరు ఉండవలెను, అలికిడి లేని చోటు ఉండవలెను. జపానికి కూర్చునేవాడికి కావలసినవి కూడా దాదాపు ఇవే. జాతీయ పులుల గణనలో ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 48 పులులున్నవని, 2022లో 63 ఉన్నవని తేలినది. వాటిని కాపాడే సిబ్బందిలో చెంచులు ఎందరో ఉన్నారు. మల్లన్న చెంచుల ఆడపడుచును వివాహమాడినాడని, ఆయన తమ అల్లుడని వారి నమ్మకం. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని పెండ్లాడి, తన కల్యాణానికి పిలవడానికి పారువేట పేరుతో నలభై రోజుల పైన పల్లె పల్లె తిరుగుతాడు. మనం అతిథులం, వారు పిల్లనిచ్చినవారు. అడవిని గురించి ఏ నిర్ణయమైనా చేసేటప్పుడు వారిని బయట నిలబెట్టి మనం లోపల మాట్లాడుకోవడం మర్యాద అనిపించుకోదు. రక్షణ పేరిట వారిని అడవి నుండి కదిలించవలెనన్న మాటలు విన్నప్పుడు కూడా నాకు ఇదే తోస్తుంది.

చివరకు జరిగినదేమనగా, మెట్లు, దీపాలు, మండపం, మైకు వద్దని ఆలయ సంఘం అంగీకరించినది. మిగిలిన ధనంలో కొంత, వేసవి నాలుగు నెలలు గుహ దారిలో నిప్పు కాపలాకు ఇద్దరు చెంచు యువకుల జీతానికి, అటవీశాఖ ఏర్పరచిన నీటి తొట్టిని రెండు రోజులకొకసారి నింపే ఖర్చుకు కేటాయించినారు. మిగతాది వచ్చే సంవత్సరం గోశాల పనికి ఉన్నది. ప్రతిపాదన చేసిన దాత కుటుంబంవారు కుంభాభిషేకానికి వచ్చి, సంకల్పంలో కూర్చున్నారు గాని నాతో ఎక్కువగా మాట్లాడలేదు. అయ్యా, అమ్మా, ఇది మీ కంట పడితే ఒకసారి ఉదయంపూట రండి. గుహ దారిలో నిప్పు కాపలా ఉన్నవారిని మీకు పరిచయం చేస్తాను. మీ పేరిట పలక ఎక్కడా వేయలేదు. ఆ నిప్పు కాపలా మీ ద్రవ్యంతోనే సాగుతున్నదని వారికి తెలుసు.

గుహకు వెళ్ళదలచినవారు ముందురోజు ఆలయంలో పేరు ఇస్తే అటవీశాఖవారి అనుమతి తెప్పిస్తాము. రోజుకు పదిమందికి మించి పంపము. సూర్యోదయం తరువాత బయలుదేరి, సాయంకాలం 4 గంటలకు దిగిరావలెను. కర్పూరం, అగరువత్తులు, అగ్గిపెట్టె ఆలయంలోనే విడిచి వెళ్ళండి. గుడ్డసంచి, రాగిచెంబు చాలు. ఒంటరిగా వద్దు.

మొన్న కార్తికంలో నేనూ మా కుమారుడూ వెళ్ళినాము. దారిలో ఇప్పచెట్టు బెరడు మీద ఎలుగు గోళ్ళ గీతలు క్రొత్తగా ఉన్నవి. గుహ ముందరికి వెళ్ళేసరికి నేలమీద దాని రెట్ట, లోపల నుండి గాలికి దాని వాసన. మా వాడు చేతి కర్రతో రాతిని తట్టబోతే వారించాను. లోపల ఎవరో ఉన్నారు, మనం తరువాత వద్దామని మెల్లగా చెప్పి, వచ్చిన దారినే చాలా దూరం దిగి, వాగు అవతల మారేడు చెట్టు క్రింద చాప పరచుకొని కూర్చున్నాము. అక్కడి నుండి ఏ ఇంటి కప్పూ కనిపించలేదు. జపం ముగించుకొని మధ్యాహ్నానికి ఆలయానికి వచ్చి మహానివేదన చేశాను.